ఆకాశం నుంచి చూస్తే అందరూ అనుమానితులే

1966 మార్చి 5న భారత వైమానిక దళానికి చెందిన తూఫానీ, హంటర్ విమానాలు ఐజ్వాల్ పట్టణం మీద మరతుపాకులతో కాల్చాయి. నిప్పంటించే బాంబులు కూడా వేశాయి. ఐజ్వాల్ శత్రుదేశపు పట్టణం కాదు. అప్పటి అస్సాం రాష్ట్రంలో మిజో జిల్లాకు ముఖ్య పట్టణం. రిపబ్లిక్ వెంగ్, ఛింగా వెంగ్ వంటి పేటలు తగలబడ్డాయి. జనం పిల్లల్ని ఎత్తుకుని కొండల్లోకి పారిపోయారు. ఆ పట్టణంలో 13 మంది పౌరులు చనిపోయారని మిజోలు చెప్పుకుంటారు. స్వతంత్ర భారత ప్రభుత్వం సొంత పౌరులు కాపురముంటున్న ఊరి మీద యుద్ధవిమానాలతో బాంబులు వేయించింది. ఇది ఇవాళ ఎవరూ కాదనలేని చరిత్ర. మన పాఠ్యపుస్తకాల్లో చదివినట్టు మాత్రం మనలో ఎవరికీ గుర్తుండదు.

ఆ దాడి వెనక కారణమే లేదని నేను అనడం లేదు. 1959లో మిజో కొండల్లో వెదురు పూసింది. దాన్ని వాళ్ళు మౌతామ్ అంటారు. వెదురు గింజలు తిని ఎలుకలు లెక్కకు మించి పెరిగి పంటల్ని ఊడ్చేశాయి. కరువొచ్చింది. ప్రభుత్వం పట్టించుకోలేదన్న కోపం రగిలింది. కరువు సహాయానికి పుట్టిన సంఘమే 1961లో లాల్‌డెంగా నాయకత్వాన మిజో నేషనల్ ఫ్రంట్‌గా మారింది. 1966 ఫిబ్రవరి 28 రాత్రి ఆ ఫ్రంట్ ఆయుధాలు పట్టి అస్సాం రైఫిల్స్ స్థావరాలను ముట్టడించింది, స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. చిక్కుకుపోయిన సైనికులను కాపాడటానికి విమానాలు తప్ప దారి లేదన్నది సమర్థకుల వాదన. ఆ వాదననైనా ప్రభుత్వం అప్పుడు ధైర్యంగా జనం ముందు పెట్టలేదు. విమానాలు వెళ్ళింది మనుషుల్నీ సరుకుల్నీ దించడానికేనని ప్రధాని ఇందిరా గాంధీ చెప్పినట్టు కలకత్తా పత్రికలో వచ్చింది. అస్సాం శాసనసభలో కొండ ప్రాంతాల సభ్యులు బాంబుల సంగతి ఎత్తి నిలదీయాల్సి వచ్చింది.

విమానాలు వెళ్ళిపోయాక కష్టం తీరిపోలేదు. 1967 నుంచి సైన్యం ఊళ్ళకు ఊళ్ళను ఖాళీ చేయించి, తుపాకుల కాపలాలో ఉండే కూడలి గ్రామాల్లోకి జనాన్ని తోలింది. 764 ఊళ్ళలో 516 ఊళ్ళు అలా చెదిరిపోయాయి. 1986 జూన్ 30న ఒప్పందం కుదిరింది. 1987లో మిజోరం రాష్ట్రమైంది. తిరుగుబాటు నడిపిన లాల్‌డెంగాయే ముఖ్యమంత్రి అయ్యాడు. అంటే ఎవరితో మాట్లాడటం అసాధ్యమని బాంబులు వేశారో, ఇరవై ఏళ్ళ తర్వాత వాళ్ళతోనే మాట్లాడారు. మధ్యలో పోయిన ప్రాణాలు ఏ ఒప్పందపు కాగితం మీదా లేవు.

2023 ఆగస్టు 10న లోక్‌సభలో మణిపూర్ మీద అవిశ్వాస తీర్మానానికి జవాబు చెబుతూ ప్రధాని మోదీ ఐజ్వాల్ బాంబుల మాట ఎత్తారు. కాంగ్రెస్‌ను ఇరుకున పెట్టడానికి ఆ ప్రస్తావన పనికొచ్చింది. తర్వాత కొన్ని రోజుల పాటు ఆ విమానాలు నడిపిందెవరన్న దాని మీద రెండు పార్టీలు కొట్టుకున్నాయి. చచ్చిపోయిందెవరని ఆ రచ్చలో ఎవరూ అడగలేదు. 57 ఏళ్ళకు పార్లమెంటులోకి వచ్చిన ఆ మృతులు అక్కడ కూడా ఒక పార్టీ చేతిలో రాయి అయ్యారు తప్ప మనుషులు కాలేదు.

ఉగ్రవాదం మీద యుద్ధం పేరుతో ఆకాశం నుంచి చేసే దాడుల్లో పౌరులు చనిపోతే దాని నైతిక భారం ఎవరిదన్న ప్రశ్న మనకు గాజా నుంచో, కాబూల్ నుంచో వచ్చిన ప్రశ్న కాదని చెప్పడానికే ఐజ్వాల్‌తో మొదలుపెట్టాను. ఇది మన ఇంటి ప్రశ్న.

నేను ఈ మాటలు రాస్తున్నది ఖరగ్‌పూర్‌లోని ఝపటాపూర్ నుంచి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి కూలికి వచ్చిన తెలుగువాళ్ళ పేటలున్న ఊరు ఇది. వచ్చినవాళ్ళలో మన మాల మాదిగలు ఎందరో ఉన్నారు. ఈ ఊరి చరిత్ర చూస్తే ఉగ్రవాది అన్న మాట ఎంత జారుడు మాటో, విమానం ఎంత దూరం చంపగలదో రెండూ తెలుస్తాయి.

ఇక్కడి హిజ్లీలో బ్రిటిషువాళ్ళు ఒక నిర్బంధ శిబిరం నడిపారు. విచారణ లేకుండా అందులో పెట్టినవాళ్ళను ప్రభుత్వం పిలిచిన పేరు టెర్రరిస్టులు. 1931 సెప్టెంబరు 16న ఆ శిబిరంలో నిరాయుధులైన ఖైదీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. కలకత్తాలో జరిగిన నిరసన సభకు రవీంద్రనాథ్ టాగూర్ వచ్చారు. 1951లో అదే భవనంలో దేశపు మొదటి ఐఐటీ మొదలైంది. నిన్నటి టెర్రరిస్టులు ఇవాళ అమరవీరులు, భవనం పేరే షహీద్ భవన్. బిరుదు ఇచ్చేది ఎప్పుడూ అధికారంలో ఉన్నవాడే. కాబట్టి ఎవరినైనా ఉగ్రవాది అన్నంత మాత్రాన విచారణ అవసరం తీరిపోదు. ఇది ఈ ఊరు నేర్పే మొదటి పాఠం.

రెండో పాఠం అదే భవనంలో ఉంది. 1944లో అమెరికా వైమానిక దళపు ఇరవయ్యో బాంబర్ కమాండ్‌కు హిజ్లీ కేంద్ర స్థావరం. 1944 జూన్ 5న బీ 29 విమానాలు మొట్టమొదటి దాడికి లేచింది ఈ చుట్టుపక్కల రన్‌వేల మీంచే. గమ్యం బ్యాంకాక్‌లోని మక్కసాన్ రైల్వే వర్క్‌షాపు. ఒక రైల్వే వర్క్‌షాపు ఊరి పక్క నుంచి వెళ్ళి మరో రైల్వే వర్క్‌షాపు మీద బాంబులు వేశారు. మబ్బు కమ్మి ఉండటంతో చాలా కొద్ది బాంబులే గురి మీద పడ్డాయి. అదే ఏడాది డిసెంబరు 18న ఇదే కమాండ్, చైనాలోని ముందు స్థావరాల నుంచి, జపాన్ ఆక్రమణలో ఉన్న హాంకౌ మీద నిప్పు బాంబులు కురిపించింది. ఆక్రమణదారుడు జపాన్ సైన్యమే, కానీ కాలిన ఊరు చైనా వాళ్ళది. అప్పుడు ఆ కమాండ్‌కు అధిపతి కర్టిస్ లీమే. 1945 మార్చిలో టోక్యో మీద ఒక్క రాత్రిలో లక్ష మంది దాకా చనిపోయిన నిప్పు దాడిని నడిపించింది కూడా ఆయనే. గురి చిన్నదని మొదలుపెట్టిన పని ఊరంతా గురి అయ్యేదాకా వెళ్ళడానికి సంవత్సరం కూడా పట్టలేదు.

ఈ ఊరికి మూడో జ్ఞాపకం కూడా ఉంది. దాన్ని దాటేసి రాస్తే నా మాటకు విలువ ఉండదు. 2010 మే 28 తెల్లవారుజామున ఇక్కడికి దగ్గర్లో ఖేమాశులి, సర్దిహా స్టేషన్ల మధ్య జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది, ఎదురుగా వచ్చిన గూడ్స్ బండి దాన్ని గుద్దింది. 148 మంది చనిపోయారు. పట్టాలు ఊడదీశారని చెప్పి మావోయిస్టులకు అనుబంధంగా ఉన్న కమిటీ మనుషుల మీద సీబీఐ కేసు పెట్టింది. రైలులో పడుకున్నవాళ్ళు ఏ వర్గ శత్రువులు? సామాన్యుడి చావును లెక్కలోంచి తీసేయడం ప్రభుత్వాలకే పరిమితమైన పాపం కాదు. రైల్వే మీద బతికే ఊళ్ళో పెరిగినవాళ్ళకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

అందుకే ఉగ్రవాదం లేదనో, దాని మీద బలప్రయోగమే వద్దనో చెప్పడం నా ఉద్దేశం కాదు. బాబాసాహెబ్ కూడా అలా చెప్పలేదు. నాజీలు గెలిస్తే ప్రపంచానికి ఏమవుతుందో ఆయనకు తెలుసు, యుద్ధకాలంలో వైస్రాయి కార్యవర్గంలో కార్మిక సభ్యుడిగా పనిచేశారు. అహింసను ఆయన గుడ్డి నియమంగా తీసుకోలేదు. బుద్ధుడు, ఆయన ధమ్మం అన్న గ్రంథంలో అహింస గురించి రాస్తూ ఒక గీత గీశారు. చంపక తప్పని అవసరం వేరు, చంపాలన్న కోరిక వేరు అన్నది ఆ గీత. బుద్ధుడు నిషేధించింది రెండోదాన్ని అని ఆయన వివరణ. అవసరమెంతో తేల్చుకునే బరువును మనిషి వివేకం మీద పెట్టారు.

ఈనాటి సైనిక భాష ఆ గీతను తుడిపేయడానికి మధ్యలో మూడో గది కట్టింది. ఆ పిల్లల్ని చంపాలని మేం అనుకోలేదు, కాబట్టి కోరిక లేదు. వాళ్ళను చంపాల్సిన అవసరమూ లేదు. వాళ్ళు మధ్యలో పోయారంతే. దీనికి కొలేటరల్ డ్యామేజ్ అని పేరు. గోడకు పగులు వస్తే చెప్పుకునే మాటలా ఉంటుంది. కానీ ఒక ఇంటి మీద బాంబు వేసేముందు ఆ ఇంట్లో, పక్క ఇంట్లో ఎంతమంది ఉండొచ్చో అంచనా కట్టుకునే సైన్యాలు ఉన్నాయి. అంచనా కట్టి, ఆ సంఖ్యకు సరేననుకుని మీట నొక్కితే ఆ చావులు అనుకోకుండా జరిగినవి ఎలా అవుతాయి? ముందే తెలిసి ఒప్పుకున్న చావు కోరుకున్న చావుకు ఎంతో దూరంలో ఉండదు.

పైగా ఒప్పుకునే సంఖ్య అందరి విషయంలో ఒకటిగా ఉండదు. ఒక ఉగ్రవాది హైదరాబాద్‌లో బంజారాహిల్స్ అపార్ట్‌మెంటులో దాక్కున్నాడనుకుందాం. ఆ భవనం మీద క్షిపణి వేయాలన్న ఆలోచన ఏ అధికారి బుర్రలోకైనా వస్తుందా? లిఫ్టులు ఆపుతారు, చుట్టూ పోలీసులు నిలబడతారు, రాత్రంతా మైకులో లొంగిపొమ్మని అడుగుతారు. అదే మనిషి అబూజ్‌మడ్ గూడెంలోనో, వజీరిస్తాన్ కొండ ఊళ్ళోనో ఉంటే లెక్క మారిపోతుంది. ఉగ్రవాది అతడే, నేరం అదే. మారింది చుట్టూ ఉన్న మనుషుల విలువ. బాబాసాహెబ్ దీనికి మనకు ఎప్పుడో పేరు చెప్పారు, మెట్లమెట్ల అసమానత అని. కులం బతికున్నవాళ్ళను మెట్ల మీద నిలబెడుతుంది. వైమానిక దాడి చనిపోబోయేవాళ్ళను అలాగే నిలబెడుతుంది.

అంటరానితనం అనుభవించిన సమాజానికి ఇందులో ఇంకో సంగతి కూడా కనబడాలి. మనిషి దగ్గరికి రాకుండా, ముఖం చూడకుండా, మాట వినకుండా అతని తలరాత నిర్ణయించే అధికారమే అంటరానితనం. కరణం వాడకు రాకుండానే వాడ సంగతి రాసేసేవాడు. పది వేల అడుగుల ఎత్తు నుంచి తెర మీద నల్లచుక్కలా కనిపించే మనిషిని చూసి, వాడి నడకను బట్టి, వాడున్న గుంపును బట్టి నేరం నిర్ణయించడం ఆ అధికారానికి చివరి మెట్టు.

ఇది అతిశయోక్తి కాదు. 2012లో న్యూయార్క్ టైమ్స్ ఒక సంగతి బయటపెట్టింది. డ్రోన్ దాడి జరిగిన చోట చనిపోయిన, యుద్ధం చేసే వయసున్న మగవాళ్ళందరినీ అమెరికా ప్రభుత్వం మిలిటెంట్ల కిందే లెక్కేసేది. నిర్దోషులని తేలాలంటే చనిపోయాక సాక్ష్యం రావాలి. 2011 మార్చి 17న పాకిస్తాన్‌లోని దత్తాఖేల్‌లో గని తగాదా తీర్చుకోవడానికి కూర్చున్న గిరిజన పెద్దల పంచాయతీ మీద క్షిపణులు పడి 40 మందికి పైగా చనిపోయారు. పైనుంచి చూసినవాళ్ళకు మగవాళ్ళు గుంపుగా కూర్చోవడమే నేరంగా కనబడింది.

ఈ తర్కం మనకు కొత్తది కాదు. 1871లో బ్రిటిషువాళ్ళు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. ఒక కులంలో పుట్టడమే నేరానికి రుజువు అయింది. ఎరుకల కుటుంబాలను స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు పలికించారు. 1952లో ఆ చట్టం రద్దయింది. పుట్టుకను బట్టి, ఉన్న చోటును బట్టి, వయసును బట్టి నేరం అంటగట్టే బుద్ధి మాత్రం రద్దు కాలేదు. దానికిప్పుడు రెక్కలు వచ్చాయి.

2021 ఆగస్టు 29న కాబూల్‌లో అమెరికా డ్రోన్ ఒక తెల్ల కారును పేల్చింది. కారులో బాంబులు ఉన్నాయన్నారు. సరైన దాడి అని సైన్యాధికారులు సమర్థించుకున్నారు. పత్రికలు వెంటపడి తవ్వితే తేలిందేమిటంటే, ఆ కారు నడిపినవాడు ఒక అమెరికన్ సహాయ సంస్థ ఉద్యోగి, కారులో ఉన్నవి నీళ్ళ డబ్బాలు. చనిపోయిన 10 మందిలో ఏడుగురు పిల్లలు. సెప్టెంబరు 17న పెంటగాన్ తప్పు ఒప్పుకుంది. డిసెంబరుకల్లా ఎవరికీ శిక్ష లేదని కూడా చెప్పేసింది. ఎనిమిది గంటలు ఆ కారును పైనుంచి గమనించి మరీ కొట్టారు. గమనించడానికీ తెలుసుకోవడానికీ మధ్య ఇంత దూరం ఉంటుంది.

హైదరాబాద్ పాతబస్తీ ఈ తేడాను ఇంకోలా చూసింది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. తర్వాత పోలీసులు ముస్లిం యువకులను పట్టుకెళ్ళారు, చిత్రహింసలు పెట్టారన్న ఫిర్యాదులు వచ్చాయి. వాళ్ళకు సంబంధం లేదని తేలింది, కోర్టులు వదిలేశాయి, ప్రభుత్వం పరిహారం కూడా ప్రకటించింది. ఆ యువకులు పోగొట్టుకున్న ఏళ్ళను ఎవరూ తిరిగి ఇవ్వలేరు. అయినా వాళ్ళు బతికి బయటికొచ్చి, మేం కాదు అని తమ నోటితో చెప్పగలిగారు. తప్పుడు అనుమానం జైలు గడప దాటి వెనక్కి రాగలదు. క్షిపణి తగిలినవాడు అప్పీలు చేసుకోలేడు. ఉరిశిక్ష కంటే ఇది తీవ్రమైనది, ఎందుకంటే ఉరికి ముందు కనీసం ఒక విచారణ ఉంటుంది.

ఇక మన పక్కనే ఉన్న బస్తర్. 2021 నుంచి 2023 దాకా బీజాపూర్, సుక్మా జిల్లాల్లో డ్రోన్ల నుంచి, హెలికాప్టర్ల నుంచి తమ అడవుల్లో, పొలాల్లో బాంబులు పడ్డాయని ఆదివాసీలు పలుమార్లు చెప్పారు, గుంతలు చూపించారు. పోలీసులు ప్రతిసారీ కాదన్నారు. ఎవరి మాట నిజమో తేల్చడానికి పోలీసులకు గానీ, మావోయిస్టులకు గానీ సంబంధం లేని విచారణ కావాలి. ఆదివాసీ మాట వినగానే అబద్ధమనుకునే అలవాటు మనకుంది కాబట్టి రెండు సంగతులు గుర్తు చేస్తాను.

2012 జూన్ 28 రాత్రి సార్కేగూడలో భద్రతా బలగాలు 17 మందిని చంపి మావోయిస్టులన్నాయి. ఏడేళ్ళ తర్వాత జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ వాళ్ళు మావోయిస్టులనడానికి ఆధారం లేదని తేల్చింది. 2013 మే 17 రాత్రి ఎడెస్‌మెట్టలో విత్తనాల పండుగకు చేరిన గ్రామస్థుల మీద కాల్పులు జరిగాయి. ఎనిమిది మంది ఊరివాళ్ళు చనిపోయారు, వారిలో మైనర్లు ఉన్నారు. భయంతో, పొరబడి కాల్చారని అదే న్యాయమూర్తి నివేదిక చెప్పింది. నేల మీద నిలబడి, మనిషి కేక వినబడేంత దగ్గర్లో ఉన్నవాళ్ళే పండుగను యుద్ధ శిబిరం అనుకుంటే, కేక వినబడని ఎత్తు నుంచి ఏం కనబడుతుంది? నేల మీద జరిగిన దానికి కనీసం సాక్షులు మిగిలారు, కమిషన్ ముందుకు వెళ్ళారు. అక్కడ కూడా నిజం బయటికి రావడానికి ఏళ్ళు పట్టింది.

ఈ మాట హక్కుల సంఘాలు మాత్రమే అన్నది కాదు. 2010 ఏప్రిల్ 6న దంతెవాడలో 76 మంది జవాన్లు చనిపోయాక, వైమానిక దళాన్ని దింపాలని దేశమంతా గోల చేసింది. అప్పటి వైమానిక దళాధిపతి పి.వి. నాయక్ ఒప్పుకోలేదు. సైన్యం దగ్గరున్న ఆయుధాలు సరిహద్దు అవతలి శత్రువు కోసం చేసినవి, కొద్దిగా చంపడానికి వాటికి శిక్షణ లేదు అన్నది ఆయన చెప్పిన దాని సారం. యూనిఫాం వేసుకున్న మనిషికి తెలిసిన ఆ సంగతి స్టూడియోల్లో కూర్చున్నవాళ్ళకు తెలియదు.

ఆ 76 మంది గురించి కూడా ఒక మాట. చనిపోయే జవాన్లు ఎక్కువగా పేద రైతుల, కూలీల, దళిత ఆదివాసీ వెనకబడిన కులాల ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. మా పిల్లలు నేల మీద చావడం కంటే డ్రోన్ వెళ్ళడం మేలు కదా అని ఆ తల్లి అడిగితే దానికి జవాబు చెప్పి తీరాలి. నా జవాబు ఇది. తుపాకీ పట్టుకున్నది బహుజనుడి బిడ్డ, తూటాకు ఎదురున్నది బహుజనుడి బిడ్డ. ఇద్దరినీ ఆ అడవిలో ఎదురెదురుగా నిలబెట్టింది వాళ్ళు కాదు, గనుల ఒప్పందాలు, భూమి తగాదాలు, అరవై ఏళ్ళ నిర్లక్ష్యం. డ్రోన్ ఆ తల్లి కొడుకును కాపాడే పేరుతో ఇంకో తల్లి కొడుకును లెక్కలోంచి తీసేస్తుంది. మాటల దారి తెరిస్తే ఇద్దరూ మిగులుతారు. ఐజ్వాల్ చివరికి చెప్పింది అదే, ఇరవై ఏళ్ళు ఆలస్యంగా.

ఈ చావుల ధర చనిపోయినవాళ్ళ ఇళ్ళ దగ్గరే ఆగదు. చట్టం కూడా చెల్లిస్తుంది. 2021 డిసెంబరు 4న నాగాలాండ్‌లోని ఓటింగ్‌లో బొగ్గు గని పని ముగించుకుని ఇంటికొస్తున్న కూలీల బండి మీద సైన్యం కాల్పులు జరిపింది. ఆరుగురు అక్కడే పోయారు, ఆ తర్వాత గొడవల్లో మరికొందరు. పొరబడ్డారని కేంద్ర హోంమంత్రి పార్లమెంటులో చెప్పారు. రాష్ట్ర దర్యాప్తు బృందం 30 మంది సైనికుల మీద అభియోగపత్రం వేసింది. కేంద్రం అనుమతి ఇవ్వలేదు. 2024 సెప్టెంబరు 17న సుప్రీంకోర్టు ఆ విచారణను మూసేయాల్సి వచ్చింది. పొరపాటు అని ఒప్పుకున్న చావుకే విచారణ లేకపోతే, పొరపాటని ఒప్పుకోని చావు గతేమిటి?

మన భాష కూడా చెల్లిస్తుంది. తెలుగు పత్రికలు ఏరివేత అని రాస్తాయి. ఏరివేత అన్నది బియ్యంలో రాళ్ళకు, చేలో కలుపుకు వాడే మాట. మట్టుబెట్టారు, తుడిచిపెట్టారు అని శీర్షికలు పెడతారు. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని ఉగ్రవాదులు దారుణంగా చంపారు. ఆ బాధ నిజం, ఆ కోపం న్యాయం. మే 7న భారత్ సరిహద్దు అవతల దాడులు చేసింది. ఉగ్ర శిబిరాలనే కొట్టామని మన ప్రభుత్వం, పౌరులు చనిపోయారని పాకిస్తాన్ చెప్పాయి. ఆ రోజుల్లోనే పూంచ్‌లో పాకిస్తాన్ ఫిరంగి గుండ్లకు మన పౌరులు, పసిపిల్లలతో సహా, ప్రాణాలు పోగొట్టుకున్నారు. అలా చనిపోయిన ఒక మదర్సా ఉపాధ్యాయుణ్ణి కొన్ని జాతీయ చానళ్ళు ఉగ్రవాదిగా చూపించాయి. పోలీసులు ఖండించాల్సి వచ్చింది. మన దేశపు పౌరుడు, శత్రువు గుండుకు చనిపోయినవాడు, అతని పేరూ గడ్డమూ చూసి మనవాళ్ళే అతన్ని శత్రువుల లెక్కలో వేశారు. పైనుంచి చూసే చూపు యుద్ధవిమానంలోనే ఉండదు, మన టీవీ తెరలో కూడా ఉంటుంది.

ఈ గొలుసులో తెలుగు నేలకూ ఒక లింకు ఉంది. 2018 డిసెంబరులో అదానీ సంస్థ, ఇజ్రాయెల్ కంపెనీ ఎల్బిట్ కలిసి హైదరాబాద్‌లో డ్రోన్ల ఫ్యాక్టరీ తెరిచాయి. అక్కడ తయారైన హెర్మెస్ 900 డ్రోన్లు గాజా యుద్ధం నడుస్తుండగా ఇజ్రాయెల్‌కు చేరాయని 2024 ఫిబ్రవరిలో వార్తలు వచ్చాయి. పెట్టుబడి వచ్చింది, ఉద్యోగాలు వచ్చాయి అని మురిసేవాళ్ళు ఆ యంత్రం ఎవరి ఇంటి మీద ఎగురుతుందో కూడా అడగాలి. 1944లో ఖరగ్‌పూర్ చుట్టూ రన్‌వేలకు రాళ్ళు మోసిన కూలీకి ఆ విమానం ఎక్కడికి వెళ్తుందో చెప్పినవాళ్ళు లేరు. ఓటు ఉన్న మనం తెలియదని తప్పుకోలేం.

మరి ఏం అడగాలి? దేశం లోపల, ఏ పేరుతోనైనా, ఆకాశం నుంచి పౌరులున్న చోట్ల ఆయుధాలు వాడబోమని ప్రభుత్వం పార్లమెంటులో స్పష్టంగా చెప్పాలి. బస్తర్ ఆదివాసీల ఫిర్యాదుల మీద న్యాయ విచారణ జరగాలి. భద్రతా బలగాల చేతిలో జరిగే ప్రతి మరణానికీ ఎఫ్ఐఆర్ ఉండాలని 2009లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. అది పౌరహక్కుల సంఘం పోరాడి తెచ్చుకున్న తీర్పు, సుప్రీంకోర్టు స్టేతో ఆగింది. కల్లోలిత ప్రాంతమైనా సరే అనుమానాస్పద మరణాన్ని విచారించకుండా వదలకూడదని 2016లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టే అంది. ఈ సూత్రం డ్రోన్‌కూ వర్తించాలి. విచారణకు అనుమతి నిరాకరించే అధికారం నిందితుల పక్షాన ఉన్న ప్రభుత్వం చేతిలో ఉండకూడదు. పరిహారం దయగా కాదు, హక్కుగా రావాలి. ఐజ్వాల్ రికార్డులు బయటపెట్టి, ఆ మృతుల కుటుంబాలకు భారత రాజ్యం తరఫున క్షమాపణ చెప్పాలి. ఏ పార్టీ ప్రధాని ఉన్నా ఆ బాకీ రాజ్యానిదే.

ఇదే కొలత ఆయుధం పట్టిన సంస్థలకూ పెట్టాలి. జ్ఞానేశ్వరి మృతులను చారిత్రక అనివార్యత అనే చాప కింద దాచేవాళ్ళు కూడా పైనుంచే చూస్తున్నారు. బాలగోపాల్ వంటివారు రాజ్యాన్నీ విప్లవకారులనూ ఒకే కొలతతో కొలిచినందుకు రెండు వైపుల నుంచీ మాటలు పడ్డారు. ఆ సంప్రదాయం తెలుగువాళ్ళకు ఉంది. దాన్ని వదులుకోకూడదు.

ఒక మనిషికి ఒక ఓటు ఇచ్చాం, ఒక మనిషికి ఒక విలువ ఇంకా ఇవ్వలేదని 1949 నవంబరు 25న బాబాసాహెబ్ రాజ్యాంగ సభను హెచ్చరించారు. ఆ విలువ బతికున్న మనిషి కూలి దగ్గర, బడి దగ్గర, బావి దగ్గర ఎలా కొలవాలో మనం ఏళ్ళుగా మాట్లాడుతున్నాం. చావు దగ్గర కూడా కొలవాలి. బంజారాహిల్స్‌లో వేయలేని బాంబు బస్తర్‌లోనూ వేయకూడదు, ఐజ్వాల్‌లోనూ వేసి ఉండకూడదు, గాజాలోనూ వేయకూడదు. ఇంతకంటే సులువైన కొలత లేదు. దీన్ని ఒప్పుకోని దేశభక్తికి రాజ్యాంగం పేరు ఎత్తే అర్హత లేదు.

జై భీమ్.